ఇల్లు సర్దే ముందు బుర్రలో ఉన్నది బయట పెట్టండి

ప్రశ్న: నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. స్కూలుకెళ్లే పిల్లలిద్దరు. ఇంట్లో పెద్ద ఇబ్బందులేమీ లేవు. కానీ రోజూ ఏదో ఒకటి మర్చిపోతూనే ఉంటాను. పోయిన నెల కరెంటు బిల్లు గడువు దాటిపోయింది. పాప స్కూలుకి సంతకం పెట్టి పంపాల్సిన కాగితం బ్యాగులోనే ఉండిపోయింది. రాత్రి మెషిన్లో వేసిన బట్టలు మర్నాడు సాయంత్రం గుర్తొచ్చాయి. పొద్దున్నే తాళంచెవుల కోసం ఇల్లంతా వెతుక్కుంటాం. ప్లానర్ కొన్నాను, ఫోన్లో రెండు యాప్‌లు వేసుకున్నాను, గంట గంటకీ టైమ్ టేబుల్ రాసి గోడకి అంటించాను. ఏదీ రెండు వారాలు దాటలేదు. రాత్రి పడుకున్నాక రేపటి పనులన్నీ బుర్రలో తిరుగుతుంటే నిద్ర పట్టదు. మావారు ‘ఏం చేయాలో చెప్పు, చేస్తా’ అంటారు. ఆ చెప్పడం కూడా నాకొక పనిలాగే ఉంది. నాది బద్ధకమా, మతిమరుపా? సులువైన పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం: బద్ధకస్తులెవరూ గంట గంటకీ టైమ్ టేబుల్ రాసి గోడకి అంటించుకోరండీ. మతిమరుపు అనడానికీ నాకు మనసొప్పడం లేదు. మర్చిపోయిన సంగతులు రాశారు, సరే. అదే నెలలో మర్చిపోకుండా చేసినవి ఎన్నో ఎప్పుడైనా లెక్కేశారా? సబ్బు అయిపోవస్తోంది, బాబు బూట్లు బిగుతవుతున్నాయి, పాపని డాక్టర్ మళ్లీ ఫలానా వారంలో తీసుకురమ్మన్నారు, హాల్లో బల్బు మినుకుమినుకుమంటోంది, స్నేహితురాలి పుస్తకం తిరిగి ఇచ్చేయాలి. ఇలాంటివి రోజంతా మీ బుర్రలో వెనక ఎక్కడో నడుస్తూనే ఉంటాయి. కంటికి కనపడవు కాబట్టి ఎవరూ వాటిని పని అనరు. మీరూ అనలేదు, ఉత్తరంలో వాటి ఊసే లేదు.

నా ఉద్దేశంలో మీ చిక్కు ఇల్లు సర్దడంలో లేదు. ఇల్లు నడిపే లెక్కంతా ఒక్క తలలో ఉండిపోవడంలో ఉంది. అల్మారాలు ఎంత సర్దినా ఆ లెక్క బయటికి రానంతవరకు ఎక్కడి గొంగళి అక్కడే.

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా కొంచెం. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అది ఏడు అంశాలు, ఒకటి రెండు అటూ ఇటూ అన్నారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగు దగ్గరికి దించారు. మీ ఇంట్లో ఒక మంగళవారం పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది మధ్య ఎన్ని పనులుంటాయో చూడండి. నాలుగైతే కావు కదా. కాబట్టి ఏదో ఒకటి జారిపోవడం వింత కాదు. ఇన్ని జారకుండా ఉండటమే వింత.

రాత్రి నిద్ర సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దానికి మందు అన్నిటికన్నా తేలిక. అమెరికాలో బేలర్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ స్కల్లిన్, ఆయన సహచరులు 2018లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, పక్కెక్కే ముందు 5 నిమిషాలు రాయమన్నారు. కొందరిని రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయమన్నారు, మిగతావాళ్లను ఈమధ్య పూర్తి చేసిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. రాసింది ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా నిద్ర పట్టింది. రేపటి పనులు తలుచుకుంటే టెన్షన్ పెరుగుతుందని మనం అనుకుంటాం. కాగితం మీద పెడితే మాత్రం తగ్గుతోంది.

దీనికి కారణం ఇంకో పరిశోధనలో దొరుకుతుంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు, సగంలో ఉన్న పనులు మనసుని ఎలా పీడిస్తాయో పరీక్షించారు. మిగిలిపోయిన పని గుర్తుచేసి ఏదైనా చదవమంటే ధ్యాస మాటిమాటికీ ఆ పని మీదికే పోయింది. కానీ ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో ముందే ఒక నిర్ణయానికి వచ్చినవాళ్లకు ఆ పీడ లేదు. పని ఇంకా అయిపోలేదు, అయినా మనసు దాన్ని వదిలేసింది. అంటే మన బుర్ర అడుగుతున్నది పని పూర్తి చేయమని కాదు, దాని సంగతి ఎవరో చూసుకుంటున్నారన్న భరోసా ఇవ్వమని.

అందుకే ఒక నోటు పుస్తకం పెట్టుకోమంటాను. ఒక్కటే. తేదీలు అచ్చేసిన ప్లానర్ వద్దు. ప్లానర్‌లో నాలుగు రోజులు రాయకపోతే ఆ నాలుగు ఖాళీ పేజీలు మనల్ని తప్పు పట్టినట్టు చూస్తాయి. ఐదో రోజు దాన్ని తెరవబుద్ధి కాదు. మామూలు నోటు పుస్తకానికి ఆ గొడవ లేదు, పది రోజుల తర్వాత తెరిచినా పక్క పేజీలోనే మొదలుపెడతారు. దాన్ని వంటింట్లోనో, ఫోన్ చార్జింగ్ పెట్టే చోటో, మీరు రోజుకి పదిసార్లు వెళ్లే చోట తెరిచి ఉంచండి. పెన్నుకి దారం కట్టి పుస్తకానికి ముడేయండి. నవ్వకండి, పెన్ను దొరక్క ఆగిపోయిన పద్ధతులు చాలా ఉన్నాయి.

ఫోన్లో రాసుకుంటే పోదా అంటారేమో. రాద్దామని ఫోన్ తీస్తే ముందు ఎవరిదో మెసేజ్ కనపడుతుంది, దానికి జవాబిచ్చి ఇంకేదో చూసి పక్కన పెట్టేసరికి రాయాల్సింది ఏమిటో గుర్తుండదు. ఫోన్‌ని గడియారం పనికి వాడండి. ఫలానా రోజు ఫలానా సమయానికి జరగాల్సినవి, అంటే డాక్టర్ అపాయింట్‌మెంటు, స్కూల్లో మీటింగు, బిల్లు గడువు, ఇవి ఫోన్ క్యాలెండర్‌లో అలారంతో సహా. సమయం లేనివన్నీ పుస్తకంలో. మీ రెండు యాప్‌లూ తీసేయండి. మూడో చోటు ఉందంటే, ‘ఎక్కడ రాశాను’ అని వెతుక్కోవడమే ఒక పనైపోతుంది.

ఇక ఎలా రాయాలన్నది. చాలామంది లిస్టు పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉంటుంది. ‘పాప స్కూలు’, ‘బాత్‌రూమ్ కుళాయి’, ‘ఇన్సూరెన్స్’ అని రాస్తారు. ఇవి పనులు కావు, పనుల పేర్లు. సాయంత్రం అలసిపోయి వచ్చి ఆ పేజీ చూస్తే, ఏం చేయాలో మళ్లీ మొదటినుంచీ ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆలోచించే ఓపిక లేకే పేజీ తిప్పేస్తాం. అదే ‘పాప కాగితం మీద సంతకం పెట్టి బ్యాగు ముందు జేబులో పెట్టాలి’ అనో, ‘ప్లంబర్‌కి ఫోన్ చేసి శనివారం పొద్దున్న వీలవుతుందా అని అడగాలి’ అనో రాస్తే చేతులు వాటంతటవే కదులుతాయి. రాసేటప్పుడు ఇంకో పది సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. ఒక పని వారం దాటినా అలాగే మిగిలిపోతోందంటే, దాంట్లో మూడు నాలుగు పనులు దాగి ఉన్నాయని అర్థం. లేదా మీకు అది చేయడం ఇష్టం లేదు. మొదటిదైతే విడగొట్టి రాయండి. రెండోదైతే, చేయకపోతే నిజంగా ఏమవుతుందో ఒకసారి ఆలోచించి, ఏమీ కాదనిపిస్తే కొట్టేయండి. ఇంటి పనుల్లో కొట్టేయదగ్గవి మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

రోజూ రాత్రి ఆ పుస్తకం ముందు 5 నిమిషాలు కూర్చుని, రేపు తప్పకుండా కావాల్సినవి మూడు ఎంచుకోండి. మూడే. వంట, అంట్లు, పిల్లల్ని బయల్దేరదీయడం లాంటివి ఇందులోకి రావు, అవి ఎలాగూ జరుగుతాయి. వాటికి అదనంగా మూడు. మరీ తక్కువ అనిపిస్తుందని తెలుసు. కానీ ఏ పనికి ఎంత సమయం పడుతుందో అంచనా కట్టడంలో మనుషులందరం ఒకేలా పొరబడతాం. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన తోటి పరిశోధకులు యూనివర్సిటీ విద్యార్థులను తమ సిద్ధాంత వ్యాసం ఎన్నాళ్లలో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. తమ పని తామే చేసుకుంటూ, ఏం చేయాలో బాగా తెలిసినవాళ్ల మాటే ఇది. మీకైతే మధ్యలో పిల్లలు పిలుస్తారు, ఫోన్ మోగుతుంది, కాలింగ్ బెల్ కొడతారు. కాబట్టి అరగంట అనిపించే పనికి గంట ఉంచుకోండి. మిగిలితే సంతోషం, ఆ మిగిలిన అరగంటలో ఇంకో పని ఇరికించకండి.

మీ గోడ మీద టైమ్ టేబుల్ ఎందుకు నిలవలేదో ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆరున్నరకి ఇది, ఏడింటికి అది అని గడియారానికి కట్టేస్తే, ఒక్క పని ఇరవై నిమిషాలు ఆలస్యమైతే చాలు, రోజంతా తప్పినట్టే. పనిని గంటకి కాకుండా, ఎలాగూ జరిగే ఇంకో పనికి ముడిపెట్టండి. ‘సాయంత్రం పిల్లల బ్యాగులు దింపగానే స్కూలు డైరీ చూస్తాను’, ‘రాత్రి వంటింటి లైటు ఆపే ముందు పుస్తకం తెరుస్తాను’. పిల్లలు ఐదింటికి వచ్చినా ఆరింటికి వచ్చినా బ్యాగు దింపక తప్పదు, కాబట్టి డైరీ చూడటమూ తప్పదు. ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే ఇలా ఖాయం చేసుకుంటే పనులు తప్పిపోవడం తగ్గుతుందని పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచీ చేసిన పరిశోధనలు చెబుతున్నాయి.

మెషిన్లో బట్టల విషయం కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇంటి పనుల తీరంతా అందులో ఉంది. బట్టలు ఉతకడం ఒక పని అనుకుంటాం. బట్టలు పోగుచేయాలి, మెషిన్లో వేయాలి, తీయాలి, ఆరేయాలి, ఆరినవి తీయాలి, మడతపెట్టాలి, ఎవరి అరలో వాళ్లవి పెట్టాలి. ఇందులో మెషిన్ చేసేది మధ్యలో ఒక్క ముక్కే. బటన్ నొక్కగానే మన మనసు మాత్రం ‘బట్టలు అయిపోయాయి’ అని కొట్టేసుకుంటుంది. అక్కడే మీరు పట్టు తప్పారు. తడి బట్టలు గంటల తరబడి మూసిన మెషిన్లో ఉంటే వాటిలో బ్యాక్టీరియా పెరిగి ముక్కవాసన వస్తుంది, అప్పుడు మళ్లీ ఉతకాలి. కాబట్టి మెషిన్ ఎప్పుడు మొదలవ్వాలి అని కాదు, ఎప్పుడు ఆగాలి అని చూసుకోండి. అది ఆగేసరికి ఆరేయడానికి మీరో ఇంకొకరో ఇంట్లో, మెలకువగా ఉండాలి. రాత్రి పడుకునే ముందు వేసే అలవాటైతే, చాలా మెషిన్లలో ఆలస్యంగా మొదలయ్యే టైమర్ ఉంటుంది. మీరు లేచే వేళకి ఉతకడం పూర్తయ్యేలా దాన్ని పెట్టండి. టైమర్ లేకపోతే రాత్రి బట్టలు, సబ్బు వేసి ఉంచి, పొద్దున్న లేవగానే బటన్ నొక్కండి.

మడతల దగ్గర ఇంకో మాట. అన్నీ మడతపెట్టాల్సిన అవసరం లేదు. లోదుస్తులు, పిల్లలు ఇంట్లో వేసుకునేవి, తువ్వాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో బుట్టలో పడేస్తే ఎవరికీ నష్టం లేదు. పిల్లల సాక్సులు ఒకే రంగువి, ఒకే రకానివి కొంటే జత వెతకడమనే పనే మాయమవుతుంది. నన్నడిగితే, పనిని చక్కగా చేయడం కంటే లేకుండా చేయడం మేలు.

బెడ్‌రూమ్‌లో కుర్చీ మీద బట్టల గుట్ట గురించి మీరు రాయలేదు. ఉండే ఉంటుంది. ఒకసారి కట్టుకున్నవి, ఉతకాల్సినంతగా మాసిపోలేదు, అలాగని ఉతికినవాటి పక్కన పెట్టలేం. వాటికి ఇంట్లో ఎక్కడా చోటు లేదు, అందుకే కుర్చీ ఎక్కుతాయి. తలుపు వెనక మనిషికి రెండు కొక్కేలు కొడితే కుర్చీ ఖాళీ అవుతుంది. ఇంట్లో ఎక్కడ గుట్ట కనపడినా ఇదే ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువులకి ఓ చోటంటూ ఉందా? చాలాసార్లు లేదనే తేలుతుంది. దానికి మనం ఇంట్లోవాళ్లని తిట్టుకుంటూ ఉంటాం.

తాళంచెవులూ అంతే. హాల్లో అందమైన గిన్నె ఒకటి పెట్టి ‘ఇందులో వేయండి’ అంటే ఎవరూ వేయరు. తలుపు తీసుకుని లోపలికి వచ్చినవాళ్లు చేతిలో సంచీ, భుజాన బ్యాగు, కాళ్లకి చెప్పులు, వీటితో సతమతమవుతూ తాళంచెవి ఎక్కడ పడేస్తున్నారో నాలుగు రోజులు గమనించండి. చెప్పుల స్టాండు మీదా? కిటికీ గట్టు మీదా? వాళ్ల చెయ్యి ఎక్కడికి పోతోందో అక్కడే కొక్కెం పెట్టండి. లోపల నిలబడి తలుపు గడియ మీద ఒక చెయ్యి ఉంటే రెండో చెయ్యి అందేంత దూరంలో అది ఉండాలి. మనుషుల అలవాటు మార్చడం కంటే కొక్కెం మార్చడం సులువు. కత్తెర, టేపు, చార్జరు లాంటివాటికీ ఇదే సూత్రం, వాడే చోట ఉంచాలి. కత్తెర రెండు గదుల్లో వాడతారా, రెండు కత్తెరలు ఉంచండి.

పొద్దున్న బయల్దేరేటప్పుడు రోజూ ఒకేలా చూసుకోవాల్సినవి ఉంటాయి కదా, నీళ్ల సీసా, ఐడీ కార్డు, హోంవర్కు, కళ్లద్దాలు, స్టవ్ ఆపామా లేదా. వాటిని ఒక చీటీ మీద రాసి తలుపు లోపలివైపు, పిల్లల కంటి ఎత్తులో అంటించండి. రోజూ చేసేదానికి కూడా చీటీ ఎందుకని చిన్నచూపు చూడకండి. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని ఒహాయోలో బోయింగ్ కొత్త బాంబర్ విమానం మోడల్ 299 ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. యంత్రంలో లోపమేమీ లేదు. విమానం నేల మీద ఉన్నప్పుడు, దాన్ని అదుపు చేసే కదిలే భాగాలు గాలికి ఊగకుండా వేసే తాళాన్ని తీయడం మర్చిపోయారు. నడిపినవాళ్లు కొత్తవాళ్లు కారు, బాగా ఆరితేరినవాళ్లు. ఆ తర్వాతే పైలట్లకు రాసిన చెక్‌లిస్టు పెట్టారు, ఇప్పటికీ ఎన్ని వేల గంటలు నడిపిన పైలట్ అయినా దాన్ని చదివే బయల్దేరతాడు. బాగా అలవాటైన పనిలోనే ధ్యాస తప్పుతుంది. అదీకాక, తలుపు మీద చీటీ ఉంటే ‘నీళ్లు తీసుకున్నావా, కార్డు పెట్టుకున్నావా’ అని రోజూ అరిచే పని మీకు తప్పుతుంది.

బిల్లుల గురించి రెండు ముక్కలు చాలు. వీలున్నవన్నీ ఖాతా నుంచి దానంతట అదే కట్టేలా పెట్టేయండి. వీలుకాని వాటికి గడువుకి మూడు రోజుల ముందు అలారం పెట్టండి, గడువు రోజున కాదు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని చూసిన చోటే, నిలబడే, సంతకం పెట్టి బ్యాగులో వేసేయండి. ‘తర్వాత చూద్దాం’ అని బల్ల మీద పెట్టిన కాగితం గుట్టలో కలిసిపోతుంది. దాచాల్సిన కాగితాలకి ఒక ఫైలు, మిగతావన్నీ చెత్తబుట్టకి.

ఇవన్నీ చదివి ఈ వారాంతంలోనే మొత్తం మొదలుపెడదామని మీకు అనిపిస్తుంది. ఉత్తరం చూస్తే మీ తీరు నాకు అర్థమైంది. దయచేసి అలా చేయకండి. మీ పద్ధతులు రెండు వారాలకే ఆగిపోయింది అందుకే, ఒకేసారి పది అలవాట్లు నెత్తికెత్తుకున్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు పరిశీలించింది. ఒక చిన్న కొత్త పని రోజూ చేస్తే అది అప్రయత్నంగా జరిగే అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని లెక్క తేలింది. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చు. అంటే రెండు వారాలకి మీకు అలవాటు కాకపోవడం మామూలే, చాలామందికి అంతలో అలవాటు కాదు. ఆ అధ్యయనంలో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. ఒక రోజు పుస్తకం తెరవకపోతే ఏమీ కాదు. ‘అయ్యో తప్పిపోయింది, ఇక నావల్ల కాదు’ అని మానేస్తేనే నష్టం.

మొదటి నెల రాత్రి ఐదు నిమిషాల పుస్తకం ఒక్కటే చేయండి. కొక్కెం కొట్టడం, బిల్లు దానంతట అదే కట్టేలా పెట్టడం లాంటివి ఒకసారి చేస్తే అయిపోయేవి, అవి అలవాట్లు కావు కాబట్టి వాటిని ఎప్పుడైనా చేసుకోవచ్చు. సామాను సర్దుకునే డబ్బాలు, లేబుళ్లు, అరలు విడదీసే ట్రేలు మాత్రం ఇప్పుడే కొనకండి. ఏ వస్తువు ఎక్కడుండాలో తేలకముందు కొన్న డబ్బా ఇంట్లో ఇంకో సామాను అవుతుంది.

ఇప్పుడు మీవారి మాట. ‘ఏం చేయాలో చెప్పు, చేస్తా’ అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలా ఇళ్లలో అది నిజంగా మంచి మనసుతోనే వస్తుంది. కానీ ‘చెప్పడం కూడా ఒక పనిలాగే ఉంది’ అన్నారే, ఆ మాట అక్షరాలా నిజం. సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో 35 జంటలతో మాట్లాడి రాసిన పరిశోధనలో, ఇంటికి సంబంధించిన ఆలోచనా పనిని నాలుగు భాగాలు చేశారు. ఏది అవసరం పడుతుందో ముందే పసిగట్టడం, దారులేమున్నాయో వెతకడం, ఏది చేయాలో తేల్చుకోవడం, అది జరిగిందో లేదో చూసుకోవడం. తేల్చుకునే దగ్గర ఇద్దరూ కలిసి కూర్చుంటున్నారు. ముందు పసిగట్టడం, చివర్న చూసుకోవడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. మీవారు చేస్తానంటున్నది ఈ నాలుగూ మీరు చూసుకుంటే మిగిలే చేతి పని.

కాబట్టి ఆయనకి పనులు చెప్పకండి, ఏదైనా ఒక విషయం మొత్తంగా అప్పగించండి. ‘ఈరోజు బట్టలు ఆరేయండి’ కాదు, ‘బట్టల సంగతి ఇక మీది’. సబ్బు ఎప్పుడు అయిపోతుందో ఆయనే చూసుకోవాలి, స్కూలు యూనిఫాం సోమవారానికి సిద్ధంగా ఉందో లేదో ఆయనే చూసుకోవాలి, మెషిన్ పాడైతే ఆయనే ఎవరినో పిలవాలి. లేదా బిల్లులు, బండి, ఇంటి మరమ్మతులు మొత్తం ఆయనవి. ఏది ఎవరికి సులువో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అప్పగించేటప్పుడు ఏది తప్పకూడదో మాత్రం ముందే మాట్లాడుకోవాలి, ‘ఉతికిన యూనిఫాం ఆదివారం రాత్రికి కొక్కేనికి ఉండాలి’ లాంటిది. మిగతాదంతా ఆయన ఇష్టం. చొక్కాలు మీరు మడిచినట్టు మడవకపోవచ్చు. ఆయన బుధవారం ఉతుకుతారేమో, మీరైతే మంగళవారం ఉతికేవారు. అది చూసి సరిచేయడానికి వెళ్లారా, ఆ పని మెల్లగా మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తుంది.

కష్టమైన రోజు ఒకటి వస్తుంది. ఆయన ఏదో మర్చిపోతారు. పాప ముడతల యూనిఫాంతో స్కూలుకెళ్తుంది. ముందు రోజు రాత్రి మీకు గుర్తొచ్చినా ఊరుకోవాలి. ప్రమాదం, ఆరోగ్యం, పెద్ద జరిమానా లాంటివైతే సరే, చెప్పండి. ముడతల యూనిఫాంకి నోరు మూసుకోవడమే మంచిది. మీరు వెనక నిలబడి గుర్తుచేస్తున్నంత కాలం ఆయన బుర్రకి ఆ పని గుర్తుపెట్టుకునే అవసరమే రాదు.

పిల్లలకీ వయసుకి తగ్గట్టు ఒక్కొక్కటి ఇలాగే మొత్తంగా ఇవ్వొచ్చు. నీళ్ల సీసాలు ఒకరివి, బూట్ల అర ఒకరిది. పనికి డబ్బో బహుమతో ఇవ్వడం మొదలుపెట్టకండి, ప్రతి దానికీ బేరం మొదలవుతుంది.

వారానికి ఒకసారి, అందరూ తీరిగ్గా ఉన్న పూట, పావుగంట నలుగురూ ఆ నోటు పుస్తకం చుట్టూ కూర్చోండి. వచ్చే వారం ఎవరికి ఏ రోజు ఆలస్యం, ఎవరికి పరీక్ష ఉంది, ఏది ఎవరు చూస్తున్నారు, ఇంతే. ఎవరు ఏం చేయలేదన్న పంచాయితీ అక్కడ పెట్టకండి, రెండో వారం ఎవరూ రారు. పుస్తకం ఆ పూట మీ చేతిలో కాకుండా ఆయన చేతిలోనో పాప చేతిలోనో ఉండనివ్వండి, రాసేది వాళ్లే రాయాలి.